హంసల కథలో పిన్ని

కోవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్‌లో నాకు ఒక ఐర్లండ్ కథ అప్పగించారు. అప్పుడు నేను సింగపూర్‌లో పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రైవేటు సంస్థలో సీనియర్ ఎడిటర్‌ని. దేశదేశాల పాత కథలను ఒక వరుసగా వేస్తున్నాం. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో ఇంకో భాష. చైనీస్, మలయ్, తమిళ కూర్పులు అప్పటికే వచ్చాయి. ఇక్కడి తెలుగు సాంస్కృతిక బృందం ఒకటి ముందుకొచ్చి, ఖర్చులో సగం మేము పెట్టుకుంటాం, తెలుగులో కూడా వెయ్యండి అంది. సంస్థ మొత్తం మీద తెలుగు చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే కనుక ఆ పని నా బల్ల మీద పడింది.

ఎడిటర్ అంటే తప్పులు దిద్దే మనిషి అని లోకం అనుకుంటుంది. తప్పులు దిద్దడానికి కాపీ ఎడిటర్లు వేరే ఉంటారు. ఏ పుస్తకం వెయ్యాలో తేల్చేది కమిషనింగ్ ఎడిటర్. ఇక అచ్చుకు పంపండి అని సంతకం పెట్టేది మేనేజింగ్ ఎడిటర్. మరి సీనియర్ ఎడిటర్ పని ఏమిటయ్యా అంటే, వీళ్ళందరూ కలిసి చేసిన దానికి చివాట్లు తినడం. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ పని నేను చాలా శ్రద్ధగా చేశాను.

కథ సంగతి చెబుతాను. ఐర్లండ్ పేర్ల జోలికి మాత్రం వెళ్ళను. వాటిని రాసేది ఒకరకం, పలికేది ఇంకోరకం. పుస్తకంలో కూడా రాజు, పెద్దకూతురు అనే సరిపెట్టాం. ఆ రాజుకు నలుగురు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, తరవాత ముగ్గురూ మగపిల్లలు. వాళ్ళ తల్లి చనిపోతుంది. రాజు మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. వచ్చినావిడ మొదట్లో పిల్లల్ని బాగానే చూసుకుంటుంది. కానీ రాజుకు తెల్లారి లేస్తే పిల్లల మొహాలే లోకం. అది చూసి చూసి ఆమెకు కడుపుమంట మొదలవుతుంది. ఒకరోజు నలుగురినీ రథమెక్కించి తీసుకెళ్ళి, చంపమని నౌకర్లకు చెబుతుంది. వాళ్ళు మావల్ల కాదంటారు. తనే కత్తి తీస్తుంది, చేతులు రావు. చివరికి సరస్సులో స్నానానికి దింపి, మంత్రదండంతో కొట్టి నలుగురినీ హంసల్ని చేస్తుంది. తొమ్మిది వందల ఏళ్ళు అలా నీళ్ళ మీద బతకాలని శాపం. మనిషి మాట, పాట మాత్రం వాళ్ళకు వదిలేస్తుంది.

మంచుతుఫానులో పెద్దకూతురు ఒక తమ్ముణ్ణి కుడిరెక్క కింద, ఒకణ్ణి ఎడమరెక్క కింద, చిన్నవాణ్ణి రొమ్ము ఈకల కింద దాచుకుంటుంది. ఆఖరికి ఎక్కడో గంట మోగుతుంది. ఈకలు రాలిపోతాయి. లోపలినుంచి బయటపడేది పిల్లలు కాదు, ముడతలు పడిన ముసలివాళ్ళు. నలుగురూ చనిపోతారు. రెక్కల కింద ఎవరెవరు ఎక్కడ ఉన్నారో అలాగే అక్క చుట్టూ పెట్టి పూడుస్తారు. పిల్లల కథంటే ఇదీ. చదివిన పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినకూడదు, జన్మలో మర్చిపోకూడదు.

అనువాదం ఎవరికైనా అప్పగించేముందు రెండు పేజీలు మచ్చు రాయించుకోవడం మా పద్ధతి. ఐదుగురు రాసి పంపారు. నలుగురి తెలుగు చదివితే ఇంగ్లీషును ఇస్త్రీ చేసి పంచె కట్టినట్టుంది. ఐదో మచ్చు రేవతి అనే అమ్మాయిది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చింది. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని, బుకిట్ పంజాంగ్‌లో కాపురం. ‘రొమ్ము ఈకల కింద’ అన్న మాట ఆమెదే. మిగతా నలుగురూ ‘వక్షస్థలమున’ అని రాశారు. హంసకు వక్షస్థలం! పని రేవతికి ఇచ్చాను.

ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఆఫీసు కింద కాఫీ షాపులో కూర్చున్నాం. కప్పు ముట్టుకోకుండా అడిగింది.

“ఈ కథ నాకే ఎందుకు ఇచ్చిండ్రు మేడం? ఎవరన్న చెప్పిండ్రా?”

ఏం చెబుతారమ్మా, నీ తెలుగు బాగుంది కనుక ఇచ్చాను అన్నాను. నన్ను పరీక్షగా చూసి విషయం చెప్పింది. వాళ్ళ అక్క జబ్బు చేసి పోయింది. అక్కకు ఒక కూతురు, పేరు మేఘన. పరాయిది వస్తే పిల్లను ఎలా చూస్తుందో ఏమో అని పెద్దలంతా కూర్చుని రేవతిని బావకే ఇచ్చి చేశారు. పెళ్ళయ్యాక ముగ్గురూ సింగపూర్ వచ్చేశారు. ఇక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియదు. మొగుణ్ణి బావా అని పిలిస్తే ముద్దుకు పిలుస్తోందనుకుంటారు. మేఘన సొంత కూతురే అనుకుంటారు.

“ఇంట్ల పిన్ని అంటది మేడం. బయట ఏమీ పిలవది. ఏమన్న కావాలంటె భుజం తడుతది.”

ఆ పిల్లకు అప్పుడు పదకొండేళ్ళు. ఆదివారాల్లో తెలుగు బడికి వెళుతుంది. అది కూడా ఆ సాంస్కృతిక బృందం నడిపేదే. రేవతి మచ్చు రాస్తున్నప్పుడు పక్కనే కూర్చుని సవతి తల్లి అంటే ఏమిటని అడిగిందట. స్టెప్‌మదర్ అని చెప్పింది రేవతి. “సో, యూ?” అంది పిల్ల.

“కాదు బిడ్డా, కథల ఉన్నది సవతి తల్లి, నేను పిన్నిని గదా అన్న. జరసేపు ఆలోచించి ఓకే అన్నది. గంతే. ఆ ఓకే మీద నడుస్తున్నది మా ఇల్లు.”

నేను అప్పుడు ఆమెకు చెప్పని మాట ఒకటుంది. ఐర్లండ్ పూర్తి కథలో ఆ రెండో భార్య ఎవరో కాదు, చనిపోయిన రాణికి స్వయానా చెల్లెలు. అచ్చంగా మన ఇళ్ళలో చేసినట్టే, అక్క పిల్లల్ని చెల్లెలైతే బాగా చూసుకుంటుందని చేసిన పెళ్ళి అది. మా ఇంగ్లీషు కూర్పు చిన్నపిల్లల కోసం కుదించింది కనుక ఆ వాక్యం ఎప్పుడో ఎగిరిపోయి, ‘స్టెప్‌మదర్’ మాత్రం మిగిలింది. లేనిదాన్ని గుర్తుచెయ్యడం నా పని కాదు. కాఫీ తాగి పైకి వెళ్ళిపోయాను.

రేవతి రాతప్రతి చెప్పిన గడువుకు వచ్చింది. కాపీ ఎడిటింగ్ నేనే చేశాను. తరవాత సలహా సంఘం.

డబ్బు పెట్టేవాళ్ళు సలహా కూడా పెడతారు. ఆ బృందానికి అధ్యక్షులు చక్రధరరావు గారు. కోస్తా మనిషి, ఏదో బ్యాంకులో పెద్ద హోదా, సెరంగూన్‌లో కాండో అపార్ట్‌మెంట్. తెలుగంటే నాకు ప్రాణం అని ఇంగ్లీషులో చెప్పుకునే రకం. ఆయన కాండో కింద హాల్లోనే సమావేశం. రాతప్రతి అందరికీ వారం ముందే పంపాను. ఎవరూ చదవలేదు. చదవకపోతే సలహాలు ఉండవనుకుంటే మీకు మనవాళ్ళ సంగతి తెలియదన్నమాట.

మొదటి అభ్యంతరం గంట మీద. అది ఏ మతం గంట అని అడిగారు చక్రధరరావు గారు. అసలు కథలో సన్యాసుల మఠం గంట అన్నాను. “సింగపూర్‌లో ఇవన్నీ సెన్సిటివ్ అండీ, మీకు తెలియందేముంది” అన్నారు. అరగంట చర్చించి గంటను ‘ఒక శుభశబ్దం’ చేశారు. తొమ్మిది వందల ఏళ్ళు మరీ ఎక్కువ, తొంభై చేద్దామా అని ఒకాయన అడిగారు. ముగింపులో పిల్లలు చచ్చిపోవడమేమిటి నెగెటివ్‌గా, హాయిగా ఊరికి వెళ్ళిపోయారంటే పోలా అని ఒకావిడ. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. అయినా నేను గొంతు పెంచలేదు. ఈ వృత్తిలో ఒక లౌక్యం ఉంది. సలహా సంఘానికి ఏదో ఒకటి దిద్దామన్న తృప్తి ఇవ్వకపోతే వాళ్ళు మొత్తం పుస్తకాన్ని దిద్దుతారు. అందుకని గంటను వదులుకుని, ఏళ్ళనూ చావునూ కాపాడుకున్నాను. సవతి తల్లి అన్న మాట జోలికి ఆ రోజు ఎవరూ రాలేదు. సమోసాలు తిని, అంగీకార పత్రం మీద సంతకాలు చేసి లేచారు.

ఆ తరవాత పేజీలు కట్టడం, మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు. అన్నీ నేనే చూశాను. ఆఖరి ప్రూఫు దగ్గర ఉన్నప్పుడు నాకు కంట్లో శుక్లం ఆపరేషన్ పడింది. వారం సెలవు పెట్టాను. ఆఖరి ప్రూఫులో అక్షరదోషాలు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదన్నది అచ్చు ప్రపంచంలో అందరికీ తెలిసిన నియమం. చక్రధరరావు గారు అచ్చు ప్రపంచంలో లేరు.

కంటికి గంత కట్టుకుని నేను ఇంట్లో పడుకున్న ఆ వారంలో ఆయన మా మేనేజింగ్ ఎడిటర్ మిస్ లిమ్‌కు మెయిల్ పెట్టారు. మన సమాజంలో రెండో పెళ్ళి కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళ మనసు నొచ్చుకోకూడదు, కనుక ‘సవతి తల్లి’ అన్న కఠినమైన మాట తీసేసి దానికి సాఫ్ట్‌గా, ఆప్యాయంగా ఉండే పర్యాయపదం ‘పిన్ని’ పెట్టండి అని. మిస్ లిమ్‌కు తెలుగు రాదు. భాష విషయంలో స్పాన్సరు మాట చెల్లుతుందని ఒప్పందంలో ఉంది. పేజీలు కట్టే కుర్రాడికీ తెలుగు రాదు. అతనికి మన అక్షరాలు వంకర్లే, వంకరకు వంకర జతచేస్తాడు. కంప్యూటర్‌లో ‘అన్నీ మార్చు’ అన్న మీట నొక్కాడు. ఇంకేముంది, గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

నేను పనిలోకి వచ్చేసరికి పుస్తకాల పెట్టెలు వచ్చి ఉన్నాయి. తెరిచి చూశాను. సవతి తల్లి పోయింది కానీ ఆమె ముందున్న విశేషణాలు ఎక్కడికి పోతాయి? ‘పాపిష్టి పిన్ని రథం ఆపించింది.’ ‘పిన్ని కళ్ళలో విషం కదిలింది.’ మూడో భాగం పేరు ‘పిన్ని శాపం’, పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగులో. బొమ్మ చుట్టూ పంక్తులు విరిచిన ఒక్కచోట మాత్రం మీట పనిచెయ్యక ‘సవతి తల్లి’ అలాగే ఉండిపోయింది. అంటే ఆ పేజీలో కథలోకి ఎక్కడినుంచో రెండో రాక్షసి కూడా దిగిందన్నమాట.

పిన్ని అంటే ఎవరు? అమ్మ చెల్లెలు. అమ్మ కొడితే అడ్డం వచ్చే మనిషి. తండ్రి రెండో భార్యను కూడా మనవాళ్ళు పిల్లలచేత పిన్ని అనే పిలిపిస్తారు, నిజమే. ఎందుకు పిలిపిస్తారు? సవతి తల్లి అన్న మాట ఇంట్లో వినపడకుండా ఉండడానికి. అది పుండు మీద కట్టిన గుడ్డ. చక్రధరరావు గారు ఆ గుడ్డ విప్పి కొరడా పేనారు. ఎవరి మనసూ నొప్పించకూడదని ఇంత శ్రమపడి ఇంతమందిని నొప్పించే ప్రజ్ఞ సామాన్యులకు రాదు. దానికి కమిటీ ఉండాలి.

అనువాదకులకు పుస్తకాలు ముందుగా పంపుతాం. ఆ మధ్యాహ్నమే రేవతి ఫోన్ చేసింది. ఏడవలేదు.

“లాంచింగ్ రోజు మూడో భాగం మైకుల చదివేది మా మేఘననే మేడం. తెలుగు బడిల దాన్నే సెలక్ట్ చేసిండ్రు. అక్క రెక్కల ముచ్చట చదువుతనని ఎంత సంబరపడ్డదో.”

చక్రధరరావు గారితో అసలు సంగతి చెబుతానన్నాను.

“వద్దు మేడం. నేను వద్దంటె ఎందుకు వద్దంటున్నదని అడుగుతరు. అప్పుడు అందరికి తెలుస్తది. పిల్ల బడిల తెలుస్తది. దానికి తల్లి లేదని పదిమంది పాపం పాపం అంటుంటె అది తట్టుకోదు.”

పేరు చెప్పకుండా, కారణం చెప్పకుండా తప్పు దిద్దించాలి. నా వృత్తిలో అంతకన్నా కష్టమైన పని రాలేదు. మిస్ లిమ్ దగ్గరకు వెళ్ళి మాట తప్పు పడిందన్నాను. ఆవిడ సాదా మనిషి, స్టిక్కర్లు అచ్చువేసి ఆ మాట మీద అంటిద్దాం, స్పాన్సరు ఒప్పుకుంటే చాలు అంది. స్పాన్సరుకు ఫోన్ చేశాను. సవతి తల్లి మీకు ఇష్టం లేకపోతే పోనీ, రాణి అని పెడదాం, ఎవరికీ బాధ ఉండదు అన్నాను. మొదటి భార్య కూడా రాణే కదండీ, పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారు అన్నారు. సరే, కొత్త రాణి అందాం అన్నాను. ఇంతకీ పిన్నితో మీకొచ్చిన ప్రాబ్లం ఏమిటి అన్నారు. పిన్ని అంటే అమ్మ చెల్లెలు కదండీ, పిల్లలు అదే అనుకుంటారు అన్నాను. గంటలో తిరిగి ఫోన్ చేశారు. గొంతులో ఆనందం తాండవిస్తోంది.

“మేడమ్, ఇప్పుడే ఫోన్లో వెతికానండీ. ఒరిజినల్ లెజెండ్‌లో ఆవిడ చనిపోయిన రాణి సొంత చెల్లెలేనట! అంటే పిన్ని నూటికి నూరుపాళ్ళు కరెక్ట్! చూశారా, ఏదో దైవికంగా పడింది నాకు ఆ మాట.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాళ్ళను జీవితంలో చాలామందిని చూశాను. ఈయన ఖర్మకొద్దీ పట్టిన కుందేటికి నిజంగానే మూడు కాళ్ళున్నాయి. ఫోన్ పెట్టేశాను. స్టిక్కర్లు లేవు.

సెంగ్‌కాంగ్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున ఆవిష్కరణ. కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు, గొడుగులు పెట్టి చోటు ఆపుకున్నారు. ఇక్కడికి వచ్చి మనవాళ్ళు అన్నిటికన్నా ముందు నేర్చుకునే విద్య అదే. వేదిక మీద నాకూ ఒక కుర్చీ వేశారు. రేవతి కుర్చీల దాకా రాలేదు, వెనక తలుపు దగ్గరే చేతిసంచీతో నిలబడింది. వేదిక ఎక్కేముందు ఆమె దగ్గరకు వెళ్ళి ఏమైందని అడిగాను. హాలు గుమ్మంలో నువ్వు చదవకు బిడ్డా, వేరే ఎవరన్నా చదువుతారు అంటే పిల్ల తన చేతిలోంచి పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయిందని చెప్పింది. అందులో ఏముందో ముందే చదివిందా లేదా అన్నది ఆమెకు తెలియదు.

చక్రధరరావు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. హంసలైపోయినా ఆ పిల్లలు తమ మాట మర్చిపోలేదు, మన పిల్లలూ అంతే అన్నారు. ముందు వరసలో మన పిల్లలు ఫోన్లలో చైనా సినిమా చూస్తున్నారు. ఆ తరవాత ఆవేశం వచ్చి, మన భాష మీద మనమే సవతి తల్లి ప్రేమ చూపిస్తున్నాం అన్నారు. చప్పట్లు మోగాయి. ఏ మాటను పుస్తకమంతా గాలించి పీకించారో ఆ మాటను మైకులో అని, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నారు. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఈయన చేతిలో ఒక ఇల్లు ఉందే అని భయం వేసింది.

మేఘన వచ్చి మైకు ముందు నిలబడింది. సన్నటి పిల్ల, రెండు జడలు. పైనున్న ఎర్రక్షరాల పేరు వదిలేసి మొదటి పేజీ తొణక్కుండా చదివింది. పేజీ తిప్పింది. కథలో రథం బయలుదేరింది. పిల్ల ఆగిపోయింది.

పక్కనున్న తెలుగు బడి టీచరమ్మ మాట అందించింది. “పిన్ని... పాపిష్టి పిన్ని...”

“ఐ నో హౌ టు రీడ్ లా, ఆంటీ” అంది పిల్ల, సింగపూర్ ఇంగ్లీషుకుండే ‘లా’ తోకతో సహా. హాలంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. “బట్ షీ ఈజ్ నాట్ పిన్ని.”

చక్రధరరావు గారు లేచి రెండో మైకు అందుకున్నారు. పిల్లలకు జ్ఞానం పంచే అవకాశం ఆయన వదులుకుంటారా? “వెరీ గుడ్ కొశ్చన్ అమ్మా. ఒరిజినల్ స్టోరీలో షీ ఈజ్ ద మదర్స్ సిస్టర్. సో పిన్ని ఈజ్ కరెక్ట్” అన్నారు.

“మై పిన్ని ఆల్సో మై మదర్స్ సిస్టర్, అంకుల్. మై మదర్ పాస్డ్ అవే. సో మై పిన్ని కేమ్.”

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో పిల్లలు కూడా ఫోన్లనుంచి తలెత్తారు. చక్రధరరావు గారు మైకు కిందికి దించారు. మేఘన పుస్తకం వైపు ఒకసారి చూసి తలెత్తింది. అప్పుడు తెలుగులో అంది.

“మా పిన్ని గట్ల చెయ్యది.”

తెలుగు బడిలో ఏడాదిగా ఆ ‘గట్ల’ను ‘అలా’గా మార్చాలని టీచరమ్మ పోరుతూనే ఉంది. ఆ రోజు ఆమె కూడా దిద్దలేదు.

వెనక తలుపు దగ్గర రేవతి చెయ్యి గడియ మీద ఉంది. వెళ్ళిపోదామని సగం తలుపు తెరిచింది కూడా. ఆ మాట విని అలాగే ఆగిపోయింది. హాల్లో తలలు ఒక్కొక్కటిగా ఆమె వైపు తిరిగాయి. ఆమె ఎవరినీ చూడలేదు. తలుపు మూసి, వచ్చి చివరి వరసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఎవరో ఆపుకున్న కుర్చీ అది. గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“కెన్ ఐ సే సమ్ అదర్ వర్డ్?” అని పిల్ల టీచరమ్మను అడిగింది. టీచరమ్మ చక్రధరరావు గారిని చూసింది. ఆయన ఎవరిని చూడాలో తెలియక నన్ను చూశారు. నేను లేచి ఆయన చేతిలో మైకు తీసుకున్నాను. ప్రచురణ నియమాల ప్రకారం ఆవిష్కరణలో చదివే పాఠం మీద ఆఖరి మాట సీనియర్ ఎడిటర్‌ది అన్నాను. అలాంటి నియమం ఏ దేశంలోనూ లేదు. ఉన్నట్టే గట్టిగా చెప్పాను. హోదా అనేది అప్పుడప్పుడు ఇలాంటి పనికైనా వస్తుంది.

“కొత్త రాణి అని చదువమ్మా” అన్నాను.

కొత్త రాణి రథం ఆపించింది. కొత్త రాణి కత్తి తీసింది. కొత్త రాణికి చేతులు రాలేదు. పిల్ల ఎక్కడా తడబడకుండా, ‘పిన్ని’ కనబడిన ప్రతిచోటా మార్చుకుంటూ చివరిదాకా చదివింది. రెక్కల భాగం వచ్చినప్పుడు మాత్రం పుస్తకం చూడలేదు. అది ఆమెకు నోటికి వచ్చు.

సభ అయ్యాక పాపం పాపం అంటూ పదిమంది పోగయ్యారు, రేవతి భయపడినట్టే. ఒకావిడ అయితే పిల్ల తలమీద చెయ్యి వేసి కళ్ళు కూడా తుడుచుకుంది. మేఘన ఆ చేతి కిందినుంచి తప్పుకుని, టిఫిన్ల బల్ల దగ్గరున్న రేవతి వైపు హాలు దద్దరిల్లేలా కేకేసింది. “పిన్నీ! మై వాటర్ బాటిల్ వేర్?” భుజం తట్టలేదు.

రెండో ముద్రణలో ‘కొత్త రాణి’ పడింది. చక్రధరరావు గారి ముందుమాటలో, కుటుంబాల మనోభావాలను దృష్టిలో పెట్టుకుని వారి సూచన మేరకే ఆ మార్పు చేసినట్టు ఉంది. దాన్ని కొట్టెయ్యడం నా చేతిలో పని. కొట్టెయ్యలేదు. ఆ ముందుమాట చదివే పిల్ల ఈ భూమ్మీద లేదు.

ఆ తరవాత కొద్దికాలానికే రిటైరయ్యాను. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి పని అప్పగించేటప్పుడు ఈ కథనుంచి మిగిలిన నియమం ఒకటి చెప్పాను. వావివరసల మాటలకు పర్యాయపదాలు ఉండవు. అలాంటి మాట మార్చేముందు, చదివే పిల్ల తన ఇంట్లో ఆ మాటతో ఎవరిని పిలుస్తుందో కనుక్కో. కనుక్కోవడం కుదరకపోతే దాని మీద చెయ్యి వెయ్యకు, అధ్యక్షులు చెప్పినా సరే.